ఎవరి బిడ్డవు?

స్పెషల్ బీఎడ్ మొదటి రోజున మేడం అందరినీ ఒక్కొక్కరిగా లేపి, ఈ చదువు ఎందుకు ఎంచుకున్నారో చెప్పమన్నారు. లేచినవాళ్ళందరూ సేవ అన్నారు. నా వంతు వచ్చేసరికి ఆ మాట నలిగి పీలికైపోయింది.

“నౌకరీ కోసం మేడం,” అన్నాను.

క్లాసంతా నవ్వింది. నలభై దాటినదానికి నౌకరీ ఎవడిస్తాడని వాళ్ళ నవ్వు. వెనక బెంచీలోంచి నా కూతురి ఈడు పిల్ల, “ఆంటీ నిజం జెప్పింది,” అన్నది.

“ఆంటీ మీ గల్లీల ఉంటది. నన్ను అక్కా అను,” అన్నాను.

ఆ రోజుతో నాకు గయ్యాళి అని పేరు పడింది. నాకు కావలసిందీ అదే. గయ్యాళిని ఎవరూ రెండోసారి ఏమీ అడగరు.

నిజానికి బుద్ధి ఎదగని పిల్లలకు పాఠాలు చెప్పే ఆ చదువుకు నేను వెళ్ళింది మా అక్క కోసం. ఆమె చనిపోలేదు. చనిపోయిందని ఎవరూ చెప్పలేదు కాబట్టి అలా అనే హక్కు నాకు లేదు. తప్పిపోయింది.

అప్పుడు మేం మద్దూరు వైపు పల్లెలో ఉండేవాళ్ళం. అక్క నాకన్నా నాలుగేళ్ళు పెద్దది. ఒళ్ళు పెరిగింది, బుద్ధి పెరగలేదు అనేవారు ఊళ్ళో. ఇంకా మోటుగా అనే మాటలు చాలా ఉన్నాయి, రాయను. నాకు అమ్మవారు పోసిందని అమ్మమ్మ దగ్గర వదిలిపెట్టి, అవ్వా బాపూ అక్కనూ చంకలో తమ్ముణ్ణీ తీసుకుని చుట్టాల పెళ్ళికి బయలుదేరారు. దారిలో ఒకచోట బస్సు మారాలి. పెళ్ళిళ్ళ రోజులు, కిక్కిరిసిన బస్సు. ఆడవాళ్ళు ముందు సీట్లలో, మగవాళ్ళు వెనక. పిల్ల వెనక బాపు దగ్గర ఉందని అవ్వ అనుకుంది. ముందు అవ్వ దగ్గర ఉందని బాపు అనుకున్నాడు. దిగేటప్పుడు గానీ ఇద్దరికీ తెలియలేదు. మా వైపు బస్సులు ఎక్కినవాళ్ళకు ఇందులో వింతేమీ కనబడదు. అందుకే ఇప్పటికీ బస్సులో మొగుడూ పెళ్ళాలు విడివిడిగా కూర్చుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

బాపు వెనక్కి పోయి వెతికాడు. బస్సు మారిన బస్టాండులో టీ అమ్మే ఆమె చెప్పిందట. పిల్ల సాయంత్రం దాకా బెంచీ మీదే కూర్చుంది. బన్ను ఇస్తే తిన్నది. నలుగురు చేరి, మీ నాయన పేరేమిటని అడిగారు. బాపు అన్నది. మీ అమ్మ పేరు? అవ్వ. ఏ ఊరు? ఇంటికి పోదాం అన్నది. ఎవరో పుణ్యాత్ముడు, ఈ పిల్లను ఫలానా ఊళ్ళో చూసినట్టుంది అని ఆ బస్సు ఎక్కించి, కండక్టరుకు అప్పజెప్పాడు. బాపు ఆ ఊరు పోయాడు. అక్కడ ఆమెను చూసినవాళ్ళు లేరు.

దొంగలు ఎత్తుకుపోయారంటే తిట్టుకోవడానికైనా ఉండేది. మంచివాళ్ళు, బన్ను పెట్టినవాళ్ళు, జాలిపడ్డవాళ్ళు బస్సెక్కించారు. ఇంత నోరుండీ ఎవరినీ తిట్టలేకపోయాను.

అక్కకు బాపు పేరు రాకపోవడానికి ఆమె బుద్ధి ఒక్కటే కారణం కాదు. ఆ పేరు మా ఇంట్లో వినబడేదే కాదు. అవ్వ నోటితో మొగుడి పేరు పలకదు, పలికితే ఆయుష్షు తగ్గుతుంది. ‘మీ బాపు’, ‘గాయన’, ‘ఇగో, వినవడ్తుందా’, ఇంతే. మాలాంటి పిల్లలు బడిలో హాజరు పిలిచేటప్పుడో, పంతులు అడిగినప్పుడో నేర్చుకున్నాం. అక్క బడికి పోలేదు. పుట్టినప్పటి నుంచి అవ్వ నోటి నుంచి వచ్చిన మాటలే ఆమె మాటలు. అవ్వ నోట లేని మాట ఆమె నోట ఎక్కడి నుంచి వస్తుంది?

అక్క పోయిన తర్వాత ఎండాకాలం మధ్యాహ్నాలు అవ్వ చాట ముందు పెట్టుకుని బియ్యం ఏరేది. నేను దర్వాజా వెనక ఉండేదాన్ని. “మీ బాపు పేరేంది బిడ్డా?” అని అడిగేది. కొంచెం ఆగి, తనే ఆ పేరు చెప్పేది. “ఏ ఊరు బిడ్డా?” ఊరి పేరు చెప్పేది. గొంతులో ఏడుపు లేదు. పలక పట్టి పాఠం చెబుతున్నట్టు ఉండేది. ఎదురుగా ఎవరూ లేరు. ఒకసారి బాపు కూడా విన్నాడు. వాకిట్లో చెప్పులు విప్పబోయినవాడు మళ్ళీ తొడుక్కుని వెళ్ళిపోయాడు.

కొన్నేళ్ళకు బాపు పోయాడు. కల్లు గీసే మనిషి, తాటి చెట్టు మీద నుంచి పడ్డాడు. దినాలనాడు ఒక ముసలమ్మ, “మొగని పేరు పొద్దుమాపు పలుకుడైతె గిట్లనే అయితది,” అన్నది. అవ్వ మళ్ళీ ఎన్నడూ ఆ పేరు ఎత్తలేదు. బియ్యం ఏరేటప్పుడు పెదవులు మాత్రం కదిలేవి.

ఇవన్నీ మొదటి రోజు క్లాసులో లేచి నిలబడి చెప్పేవా?

ఆ చదువులో నాకు ఎక్కడ చూసినా అక్కే కనబడేది. బుద్ధి ఎదుగుదల గురించి మేడం బోర్డు మీద రాస్తుంటే, రెండో లైనులో అక్క. అడిగిన ప్రశ్ననే తిరిగి పలికే పిల్లల గురించి చెబుతుంటే అక్క గొంతు. దీనికి ఒక పేరుందని, దీనికి నేర్పే పద్ధతి ఉందని, మా ఇంటి నుంచి బస్సెక్కి పోయేంత దూరంలో ఇది చెప్పే మనుషులున్నారని ఇంత ఆలస్యంగా తెలియడం మేలా, కీడా అని మేడంతో వాదించాను. పాపం ఆ అమ్మాయి నాకన్నా పదిహేనేళ్ళు చిన్నది. “పరీక్షకు అది రాదు మేడం,” అన్నది. నన్ను కూడా మేడం అనేది.

టీచింగ్ ప్రాక్టీసుకు మాలో కొందరిని, మా కాలేజీ ఉన్న సిద్దిపేటలోనే ఒక ప్రత్యేక పాఠశాలకు పంపారు. ఒక్కొక్కరికి ఒక్కో పిల్లను అప్పజెప్పి, ఈ కొద్ది నెలల్లో ఈ పిల్లకు ఏం నేర్పుతారో రాసుకురమ్మన్నారు. నాకు వచ్చింది పన్నెండేళ్ళ ఆడపిల్ల. రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు, ఎవరినైనా చూసి నవ్వే ముఖం. టిఫిను డబ్బా మూత చెవి దగ్గర పెట్టుకుని టక్కుటక్కుమనిపించుకునేది. ఏం అడిగినా అదే మాట తిరిగి అప్పజెప్పేది. ఇంకొక అలవాటు ఉంది. డప్పు వినబడితే చాలు, దాని వెనకే వెళ్ళిపోయేది. బోనాల వెనక వెళ్ళింది. ఒకసారి శవయాత్ర వెనక వెళ్ళి, అందరూ స్నానాలు చేసి ఇళ్ళకు పోయాక కూడా అక్కడే కూర్చుంటే కోమటి చెరువు దగ్గర బజ్జీలు అమ్మేవాళ్ళు గుర్తుపట్టి తెచ్చారు.

అది విన్న రోజునే ఆ పిల్లకు ఏం నేర్పాలో రాసుకున్నాను.

రంగులు వేరు చేయడం నేర్పండి అన్నారు మేడం. ఎరుపు ఒక డబ్బాలో, పసుపు ఒక డబ్బాలో.

“ఎరుపు, పసుపు గుర్తుపడితె ఎవడు ఇంటికి తోల్కొస్తడు మేడం?”

“అంటే?”

“పేరు, బాపు పేరు, ఏ గల్లీ, ఎవరితోని వచ్చినవ్. గీ నాలుగు అడిగితే చెప్పాలె. తెలువనోళ్ళు అడిగినా చెప్పాలె. గదే నేర్పుత.”

“తెలియని వాళ్ళకు చెప్పడం కష్టం మేడం. మీకు చెబుతుంది, ఇంకెవరికీ చెప్పదు. మార్కులు పోతాయి.”

“పోనియ్యుండ్రి. నేనేమన్న డాక్టరు సీటు కోసం చదువుతున్ననా?”

ఆమె ఒప్పుకుంది. నా వాదనకు కాదు, నాతో విసిగి.

పద్ధతి సులువుగానే కనబడుతుంది. ప్రశ్న మెల్లగా అడగాలి, వెంటనే జవాబు గట్టిగా మనమే అందించాలి. పిల్ల తిరిగి పలికితే నాలుగు మురమురాలు చేతిలో పెట్టాలి. పోను పోను మన గొంతు తగ్గించాలి, చివరికి పెదవులు మాత్రం ఆడించాలి, తర్వాత అదీ మానేయాలి. నేను గొంతు తగ్గించడం నేర్చుకున్నది జీవితంలో అప్పుడే. మా ఆయన ఇంట్లో కూడా ప్రాక్టీసు చేయమని బతిమాలాడు.

పిల్ల పేరు చెప్పింది. గల్లీ చెప్పింది. ఎవరితో వచ్చావంటే అవ్వతోని అన్నది. బాపు పేరు దగ్గర ఆగిపోయేది. శుక్రవారం దాకా నా వెనక పలికేది, సోమవారం ముఖం ఖాళీగా ఉండేది. మిగతా మూడూ ఇంట్లో తల్లి కూడా అనిపిస్తోంది. ఈ ఒక్కటీ ఇంట్లో లేదు. నాకు అర్థమైంది. అర్థమైన క్షణాన మధ్యాహ్నం బడి గదిలో చాట చప్పుడు వినబడినట్టై వెనక్కి తిరిగి చూశాను.

ఒక ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. మార్కెట్ వెనక గల్లీలో కిరాయి గది. తల్లి గోడకు ఆనుకుని, ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. భర్త బొంబాయి దగ్గర భీవండీలో మగ్గాల మీద పని చేస్తాడు. పిల్ల గడప మీద కూర్చుని డబ్బా మూత మోగించుకుంటోంది.

“చెల్లే, మీ ఆయన పేరేంది?” అని అడిగాను.

ఆమె నవ్వి, బీడీ ఆకు పక్కన పెట్టి, గూట్లోంచి ఆధార్ కార్డు తీసి ఇచ్చింది. “గిండ్ల ఉన్నది మేడం, సదువుకోండ్రి.”

“నాకు తెలుసు. నీ నోటితోని జెప్పు.”

నాలుక కరుచుకుంది. “అయ్యో, నేనెట్ల పలుకుత మేడం!”

“నేను మా ఆయన్ను పేరు పెట్టే పిలుస్త. మంచిగనే ఉన్నడు. బీపీ గూడ లేదు.”

“మీ సారు కండ్ల ముంగట ఉంటడు,” అన్నది ఆమె. “మా ఆయన గాడెక్కడ్నో ఉండె. ఏమన్న అయితె నాకెవలు జెప్తరు? మీరైతే సదువుకున్నోళ్ళు, మీకు ఏం గాదు. మాకైతది.”

“గివన్ని వట్టి మాటలు.”

“వట్టివైతే మంచిదే. గట్టివైతే?”

వాదనలో ఓడిపోతున్నప్పుడు నేను ఏం చేస్తానో నన్నెరిగినవాళ్ళకు తెలుసు, ఇంకా గట్టిగా మాట్లాడతాను. “నీకు మొగని ఆయుష్షు కావాల్నా, బిడ్డ కావాల్నా?” అన్నాను.

ఆమె చేతులు ఆగాయి. నన్ను నేరుగా చూసింది.

“రెండు గావాలె మేడం,” అన్నది. “మీకొద్దా?”

గడప మీద మూత టక్కుమంది, ఆగింది, మళ్ళీ టక్కుమంది. నేను చాప మీద కూర్చున్నాను. ఎవరికీ చెప్పని సంగతి, కట్టుకున్నవాడికి కూడా సగమే చెప్పిన సంగతి, పొగాకు వాసనలో ఆ మనిషికి మొత్తం చెప్పాను. బస్సు, బెంచీ, బన్ను, బాపు అన్న జవాబు. తర్వాత మా అవ్వ ఖాళీ ఇంట్లో ఆ పేరు చెప్పడం. బాపు పోయిన సంగతి దాచుదామనుకున్నాను, అది నా వాదనకు చెరుపు. దాచలేకపోయాను. చెట్టు మీద నుంచి పడ్డాడనీ, ముసలమ్మ ఏమన్నదో అదీ చెప్పాను.

“ఇంకేం జెప్పాలె చెల్లే. ఉన్నది ఉన్నట్టు జెప్పిన. నీ ఇష్టం,” అన్నాను.

ఆమె సగం చుట్టిన బీడీ పూర్తి చేసి, దారం కట్టి, కట్టలో పెట్టింది. తర్వాత అడిగింది. “మీ అవ్వ గప్పుడు పలికింది గదా మేడం. మీ అక్క పోకముందే పలికితే?”

“గదే నేను గూడ అడుగుత. ఎవలను అడగాల్నో తెలువది.”

ఆమె గోడ వైపు తిరిగింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “బిడ్డా,” అన్నది, “మీ బాపు పేరు...” అని, ఆ పేరు చెప్పింది. కొంగు చాటున ఊపిరంత గొంతుతో.

గడప దగ్గర మూత చప్పుడు ఆగింది. పిల్ల తలెత్తి, అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, తల కొంచెం పక్కకు తిప్పి, అంతే చిన్న గొంతుతో ఆ పేరు పలికింది. నా వెనక వారాల తరబడి పలికినట్టు కాదు. తన మాటలా పలికింది.

తల్లి వెంటనే ఫోను తీసుకుని భీవండీకి చేసింది. రెండుసార్లు ఎత్తలేదు. ఆ కాసేపట్లో ఆమె ముఖాన్ని నేను చూడలేక పిల్ల జడ రిబ్బను సరిచేశాను. మూడోసారి ఎత్తాడు.

“ఏం లే. ఊకెనే చేసిన. తిన్నవా?” అన్నది. అవతల అతనేదో గట్టిగా కసురుకుంటున్నాడు, పని మధ్యలో ఎందుకు చేశావని కాబోలు. ఆ తిట్లు వింటూ ఆమె నవ్వుతూ ఉంది.

ఇక మిగిలింది తెలియనివాళ్ళు అడగడం. బడి గదిలో అందరూ తెలిసినవాళ్ళే. పరీక్ష బస్టాండులోనే పెడతానన్నాను. నన్ను ఆంటీ అన్న ఆ పిల్లను బతిమాలాను. ఆమె ప్రాక్టీసు వేరే బడిలో, నాకు అప్పజెప్పిన పిల్ల ఆమెను ఎప్పుడూ చూడలేదు; కొత్త మనిషిలా వచ్చి అడగాలి. నేనూ తల్లీ స్తంభం వెనక నిలబడాలి. “క్లాసుల ఇంత మంది ఉన్నరు, గీ గయ్యాళి అక్కకు నేనే దొరికిన్నా,” అని గొణిగింది గానీ ఒప్పుకుంది.

పిల్లను బెంచీ మీద కూర్చోబెట్టి మేం స్తంభం చాటుకు పోయాం. ఆ కాస్త దూరం నడిచాక వెనక్కి చూడడానికి నాకు ధైర్యం చాలలేదు. తల్లి చూస్తోంది కదా అని సరిపెట్టుకున్నాను. తర్వాత చూశాను. రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు, బెంచీ. కరీంనగర్ బస్సు వచ్చి ఆగింది, మనుషులు అడ్డం వచ్చారు. ఆ మనుషులు కదిలేదాకా నేను నలభై దాటిన ఆడదాన్ని కాదు, దర్వాజా వెనక నిలబడ్డ పిల్లను.

బస్సు కదిలింది. పిల్ల అక్కడే ఉంది. మా క్లాసు పిల్ల ఇంకా రాలేదు. పిల్ల పక్కన సంచులు ముందు పెట్టుకుని ఒక ముసలమ్మ కూర్చుంది. మేం పెట్టిన మనిషి కాదు. ఎక్కడి మనిషో.

“ఎవరి బిడ్డవే, ఒక్కదానివే కూసున్నవ్?” అన్నది ముసలమ్మ.

తల్లి నా మణికట్టు పట్టుకుంది.

“ఎవరి బిడ్డవే,” అన్నది పిల్ల.

“ఓ పోరీ! నేనడిగితే నన్నే అడుగుతవా?” ముసలమ్మ నవ్వింది. “మీ బాపు పేరేంది?”

పిల్ల మూత టక్కుమనిపించింది. మళ్ళీ టక్కుమనిపించింది. నా పెదవులు వాటంతటవే ఆడుతున్నాయి. స్తంభం చాటున ఆడి ఏం లాభం, పిల్లకు కనబడవు. అప్పుడు పిల్ల అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, తల పక్కకు తిప్పి, ఏదో అన్నది.

“ఏందీ? నాకు ఇనవడది బిడ్డా, గట్టిగ జెప్పు.” ముసలమ్మ చెవి దగ్గరగా పెట్టింది. పిల్ల ఆ చెవిలో మళ్ళీ చెప్పింది.

“గట్లనా! ఏడుంటరు?”

గల్లీ పేరు చెప్పింది.

“ఎవలతోని వచ్చినవ్?”

“అవ్వతోని.”

“ఏదీ మరి మీ అవ్వ? గింత పిల్లను ఇడిసిపెట్టి ఏడ పెత్తనం చేస్తున్నది?”

తల్లి స్తంభం చాటు నుంచి పరుగెత్తింది. ముసలమ్మ ఆమెకు పెట్టిన చీవాట్లు బస్టాండంతా విన్నది. తల్లి తిట్లన్నీ తలొంచుకుని విని, వంగి ముసలమ్మ కాళ్ళకు దండం పెట్టింది. ముసలమ్మ బిత్తరపోయింది. నేను మురమురాల పొట్లం విప్పి పిల్ల రెండు చేతులూ నింపాను. నాలుగు కాదు, పట్టినన్ని.

పిల్ల తింటూ నా ముఖంలోకి చూసింది. ప్రశ్నలూ జవాబులూ అన్నీ ఒకే పాఠంగా ఆ బుర్రలో పడి ఉన్నాయి, ఏవి తనవో ఏవి ఎదుటివాళ్ళవో దానికి పట్టింపు లేదు.

“మీ బాపు పేరేంది?” అని నన్నడిగింది.

ముసలమ్మ నవ్వింది. నేనూ నవ్వబోయాను. పిల్ల నవ్వలేదు, జవాబు కోసం చూస్తోంది. నేను మా బాపు పేరు చెప్పాను. బస్టాండులో, గట్టిగా.

“ఏడుంటరు?”

మా ఊరి పేరు చెప్పాను. మద్దూరు దిక్కు అని కూడా చెప్పాను, దారి తెలియనివాళ్ళు ఎవరైనా వింటున్నట్టు.

“ఎవలతోని వచ్చినవ్?”

బస్టాండులో ఎప్పుడు నిలబడినా నేను వెతికేది ఒకటే. నాకన్నా నాలుగేళ్ళు పెద్దది, నా ముక్కు, నా నుదురు. ఆ రోజు వెతకలేదు. బెంచీ మీద పిల్ల పక్కన కాస్త జాగ ఖాళీగా ఉంది.

“అక్కతోని,” అన్నాను.

పిల్ల తన చేతిలోని మురమురాలు ఏరి, నాలుగు గింజలు నా అరచేతిలో పెట్టింది.